వసుధ కథకు ఒక మెట్టు తక్కువైంది

మీ ప్రశ్న రెండుసార్లు, దానితోపాటు పంపిన కథ మూడుసార్లు చదివాను. మిగతావారికీ విషయం తెలియాలి కనుక ముందు క్లుప్తంగా చెబుతాను. హనుమకొండలో ఉండే ముప్పై నాలుగేళ్ల వసుధ, ఆరేళ్ల బంధం తెగిపోయాక, భద్రకాళి చెరువుకు దగ్గరలో మేడమీద ఒక పోర్షన్ అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉంటుంది. కొత్తవాడలో జంపఖానాలు నేసే రాజేందర్‌తో పరిచయమవుతుంది. చచ్చిపోయిందనుకున్న కోరిక ఆమెలో మళ్లీ మేలుకుంటుంది. పద్నాలుగు పేజీల కథ. చదివిన ఇద్దరు స్నేహితుల్లో ఒకరు “సినిమా పాటలా ఉంది” అన్నారు, ఇంకొకరు “చదువుతుంటే సిగ్గేసింది” అన్నారు. శృంగారానికీ అసభ్యానికీ గీత ఎక్కడ, ఒంటి గురించి రాయడానికి ఏ మాటలు వాడాలి, అచ్చువేస్తే చట్టంతో చిక్కులుంటాయా, ఇది నా సొంత కథే అని జనం అనుకుంటే ఏం చెయ్యాలి, ఇవీ మీరు అడిగినవి.

నేను డిగ్రీ కళాశాలలో చాలాకాలం తెలుగు పాఠాలు చెప్పాను. ఇరవై ఏడేళ్లుగా కథలు రాస్తున్నాను, కొత్తవాళ్ల కథలు చదివి సవరణలు చెబుతున్నాను. ముప్పై తొమ్మిదో ఏట పెళ్లి నుంచి బయటికి వచ్చిన మనిషిని కూడా. కాబట్టి రాతప్రతిని చూసే కన్నుతోనూ, ఆ దారిన నడిచిన కాళ్లతోనూ చెబుతున్నాను.

మీ స్నేహితులిద్దరూ ఒకే లోపాన్ని రెండు పేర్లతో చెప్పారు. మూడో పేజీ చివర వసుధ స్నానాల గదిలో నేలమీద కూర్చుని, నీళ్లు పొంగిపోతున్నా కుళాయి కట్టకుండా ఏడుస్తుంది. చాలా బాగా రాశారు. నాలుగో పేజీ మొదట్లో వాన, రాజేందర్, తడిసిన చొక్కా, కౌగిలి. పాఠకుడి కళ్లలో మూడో పేజీ తడి ఇంకా ఆరలేదు. ఆ తడితోనే అతను కౌగిలిలోకి రావాల్సి వచ్చింది. అందుకే ఒకరికి అది అబద్ధంగా తోచి సినిమా పాట గుర్తొచ్చింది. ఇంకొకరికి ఏడుస్తున్న మనిషి గదిలోకి తలుపు తట్టకుండా తొంగిచూసినట్టు అనిపించి సిగ్గేసింది. గీత దాటింది మీరు వాడిన మాటలు కాదు, మీరు వేసిన అంగ.

మన ఆలంకారికులకు, అంటే కావ్యశాస్త్రం రాసిన పెద్దలకు, ఈ చిక్కు బాగా తెలుసు. దీనికి రసవిరోధం అని పేరు పెట్టారు. శృంగారానికి కరుణ విరోధి, రెండింటినీ పక్కపక్కన కూర్చోబెడితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. విరహం కూడా శృంగారమే కదా అని మీరు అడగవచ్చు. నిజమే, దాన్ని విప్రలంభ శృంగారం అన్నారు. అయితే మళ్లీ కలుస్తామన్న ఆశ మిగిలి ఉన్నంతవరకే అది శృంగారం. ఆశ తెగిన చోట అది కరుణలోకి వెళ్లిపోతుంది. వసుధది ఆశ తెగిన స్థితి. విడిపోయిన మనిషి తిరిగి రాడు, వచ్చినా ఆమెకు అక్కర్లేదు. అంటే మీ కథ విరహంలో మొదలు కావడం లేదు, శోకంలో మొదలవుతోంది. ఈ తేడా పట్టుకోకపోతే ఎంత గొప్ప వర్ణన చేసినా నిలబడదు.

విరుగుడు కూడా వాళ్లే చెప్పారు. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీరీ ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం అనే గ్రంథంలో ఒక ఉపాయం ఇస్తాడు: పొసగని రెండు రసాలు ఒకే కథలో రావాల్సి వస్తే, రెండింటితోనూ పేచీ లేని మూడో రసాన్ని మధ్యలో నిలబెట్టు. దీనికి ఉదాహరణగా నాగానంద నాటకాన్ని చూపిస్తారు. అక్కడ శాంతానికీ శృంగారానికీ మధ్య ఉన్నది అద్భుతం.

మీ కథకు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్కటే. వసుధ శోకానికీ వసుధ కోరికకీ మధ్య అద్భుతాన్ని పెట్టండి. అద్భుతం అంటే ఇక్కడ ఇంద్రజాలం కాదు. తనకు ఒళ్లుందని ఒక మనిషికి మళ్లీ తెలియడం. ఆ మెట్టే మీ కథలో లేదు.

నా సంగతి చెబితే ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఇల్లు వదిలి వచ్చాక రెండేళ్లపాటు నాకు ఏ రుచీ తెలియలేదు. ఆకలి అయ్యేది కాదు, గడియారం చూసి తినేదాన్ని. చలికాలంలో ఒకరోజు విద్యార్థులను పాలంపేట రామప్ప గుడికి తీసుకెళ్లాను. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, బయటి చూరు కింద మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాలు. వాళ్లలో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల పాదరక్షలున్నట్టు కనిపిస్తాయి, పిల్లలందరూ ఆమె కిందే గుమిగూడారు. నేను అన్ని మదనికలనూ చూశాను, ఒక్కటీ నన్ను కదిలించలేదు. అంతటి అందం నా ముందున్నా, నాకు సంబంధం లేని విషయంలా ఉంది. పిల్లలు అటు తిరగగానే ఎండ తగిలేచోట గుడి అరుగు మీద చతికిలబడ్డాను. పొద్దుటి నుంచి ఎండకు కాగిన రాయి. చీర కుచ్చెళ్ల గుండా, శాలువా గుండా ఆ వెచ్చదనం మెల్లగా పైకెక్కింది. కాళ్లకు తెలిసింది, నడుముకు తెలిసింది, వీపుకు తెలిసింది. నాకు వీపు ఉంది అన్న సంగతి రెండేళ్ల తర్వాత ఆ రాయి చెప్పింది. తిరిగి వస్తూ ములుగులో బస్సు ఆపితే మిరపకాయ బజ్జీలు నాలుగు తిన్నాను, ఇంకో రెండు అడిగి తీసుకున్నాను. ఆ రాత్రి ఇంటికొచ్చి, ఎవరూ చూడరని తెలిసినా, అద్దం ముందు నిలబడి జుట్టు విప్పి దువ్వుకున్నాను.

ఇందులో మగవాడు లేడు, గమనించండి. అతను చాలా నెలల తర్వాత వచ్చాడు. అప్పటికి కోరిక ఇంట్లో దీపం పెట్టుకుని కూర్చుంది, అతను వచ్చి వెలిగించింది ఏమీ లేదు. మీ కథలో రాజేందర్ అగ్గిపుల్లలా వచ్చాడు. వసుధ అంతవరకు కట్టెలా పడి ఉంది. ఆడమనిషి కోరిక గురించి రాస్తూ ఆమెను కట్టెను చేయడం మీ ఉద్దేశం కాదని నాకు తెలుసు. కథ కూర్పులో అలా వచ్చేసింది.

మన సంప్రదాయమే మనకు ఆ అలవాటు చేసింది. కావ్యాల్లో చెప్పే ఎనిమిది రకాల స్త్రీలను, అష్టవిధ నాయికలను తలచుకోండి. స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక. అందరికీ పేరు పెట్టింది నాయకుణ్ణి బట్టే. అతను వశమై ఉన్నాడా, వస్తున్నాడా, రాలేదా, ఇంకొకత్తె దగ్గరికి వెళ్లాడా, దేశం వెళ్లాడా. అతను ఉన్నాడు, వెళ్లాడు, ఆ అధ్యాయం మూసేశాను, ఇప్పుడు నాకు ఆకలేస్తోంది అనే నాయిక ఈ ఎనిమిదిమందిలో లేదు. మీ వసుధ తొమ్మిదోది. ఆమె మీద ఎవరూ పెద్దగా రాయలేదు కాబట్టి మీకు నమూనాలు తక్కువ. మీరు తడబడటంలో వింతేమీ లేదు.

అందుకని నాలుగో పేజీకి ముందు మూడు నాలుగు పేజీలు కొత్తగా రాయండి. అందులో రాజేందర్ పేరు కూడా రాకూడదు. మీ రాతప్రతిలోనే విత్తనాలున్నాయి. ఆమె మంచానికి ఎడమవైపే పడుకుంటుందని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అది బంగారు గని. ఆరేళ్లు పక్కన ఒక మనిషి ఉన్నందువల్ల ఒంటికి పట్టిన అలవాటు అది. మనసు మరిచిపోయినా ఒళ్లు మరిచిపోదు. ఆమె ఇప్పటికీ అన్నంలో కారం తక్కువ వేసుకుంటుందా, అతనికి పడదని? నిద్రలో అటు తిరిగినప్పుడు చెయ్యి అటువైపు వెళ్లి ఖాళీ పక్కను తడిమి వస్తుందా? ఒక రాత్రి మంచం మధ్యలోకి జరిగి, రెండు కాళ్లూ చాచి, దుప్పటి మొత్తం తానే కప్పుకుని పడుకుందనుకోండి. తెలుగులో నేను చదివిన చాలా శయ్యా వర్ణనల కన్నా అది శృంగారంగా ఉంటుంది. ఇలాంటివి మూడు చాలు. ఎక్కువైతే జాబితా అవుతుంది.

అలాగే కొత్త మనిషి ముట్టుకున్నప్పుడు పాత అలవాటు అడ్డం రావాలి. పాత అతను వెనకనుంచి వచ్చి కళ్లు మూసేవాడనుకోండి, రాజేందర్ ఊరికే వెనకనుంచి నడిచివచ్చినా ఆమె మెడ బిగుసుకుంటుంది. ఆ బిగుసుకోవడం రాయండి. దాన్ని అతను గమనించడమో, గమనించకపోవడమో రాయండి. విడిపోయాక వచ్చే కోరికకూ మొదటి యవ్వనపు కోరికకూ ఉన్న తేడా ఇక్కడే ఉంది. ఆ గదిలో ముగ్గురుంటారు, మూడో మనిషి నెమ్మదిగా బయటికి నడవాలి.

ఇక మాటల సంగతి. దీనిమీద కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే తెలుగులో ఈ రకం కథ రాసే ప్రతివారూ తల పట్టుకునేది ఇక్కడే. ఒంటి గురించి మనకు రెండు నిఘంటువులున్నాయి. ఒకటి ప్రబంధాలది: కుచము, జఘనము, అధరము. రెండోది తిట్లది. మొదటిది రాస్తే పాఠకుడికి పరీక్ష పేపరు గుర్తొస్తుంది, రెండోది రాస్తే గొడవ గుర్తొస్తుంది. మీరు మొదటిదాన్ని ఎంచుకుని పదకొండు చోట్ల “అధరాలు” అని రాశారు. వసుధ తన జీవితంలో ఎప్పుడూ తన పెదవులను అధరాలు అనుకుని ఉండదు. పెదవి అనండి. పెదవి పగిలింది, పెదవి కొరుక్కుంది, పెదవి మీద ఉప్పు. ఇందులో ఏ మాట తక్కువైంది?

ఈ రెంటికీ మధ్య మనకు మాటలు లేవని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మన దగ్గర “ఒళ్లు” అనే మాట ఉంది. శరీరం వైద్యుడిది, దేహం వేదాంతిది, తనువు పాటది, ఒళ్లు మనది. ఒళ్లు జలదరిస్తుంది, ఒళ్లు పులకరిస్తుంది, ఒళ్లు మరిచిపోతాం, ఒళ్లు తెలియకుండా నిద్రపోతాం, ఒళ్లు మండుతుంది, ఒళ్లు విరుచుకుంటాం. ఇది కోపం నుంచి కోరిక దాకా నడిచే మాట. దీనికి మెడ, వీపు, నడుము, మడమ, ముంజేయి, ఊపిరి, చెమట, వెచ్చదనం కలపండి. మోహం, తమకం, తాపం అనే మాటలు ఇంకా బతికే ఉన్నాయి, కానీ ఒక్కొక్కటి కథలో ఒక్కసారి మించి భరించదు. మర్మాంగాల పేర్లు చెప్పాల్సిన అవసరం నాకు ఇరవై ఏడేళ్లలో రాలేదు. అది సిగ్గువల్ల కాదు. తెలుగులో ఆ పేరు రాగానే పాఠకుడి దృష్టి మనిషి మీదనుంచి మాట మీదికి మళ్లుతుంది. మీకు అవసరమనిపిస్తే రాయండి, అయితే అక్కడ వసుధ మనసులో ఏ మాట మెదులుతుందో ఆ మాటే రాయండి.

మన భాష ఇచ్చిన ఇంకో వరాన్ని మీరు వాడుకోనేలేదు. వసుధ, రాజేందర్ మొదటి మాటనుంచే “నువ్వు” అనుకుంటున్నారు. జంపఖానా కొనడానికి వెళ్లిన లెక్చరరు, నేసే అతను, ఇద్దరూ ముప్పై దాటినవారు. మన ఊళ్లో వాళ్లు “మీరు” అనే అనుకుంటారు. ఆ “మీరు” ఏ క్షణాన “నువ్వు” అవుతుందో అక్కడ తలుపు తెరుచుకుంటుంది. బొత్తాం విప్పడం కన్నా పెద్ద సంఘటన అది. దాన్ని మొదటి మాటలోనే ఖర్చుపెట్టేశారు.

ఊరికే చెబితే చాలదు కనుక, మీ నాలుగో పేజీ సన్నివేశాన్ని నేనైతే ఎలా రాస్తానో చూపిస్తాను. వాన తీసేశాను, వాన అందరి కథల్లోనూ ఉంది. ఫిబ్రవరి పెట్టాను, పండు మిరప కాలం. వసుధ రెండు కిలోల పండు మిరపకాయలు తెచ్చి, తొక్కు పెట్టడానికి ఉత్త చేతులతో తొడిమలు తీసి ముక్కలు కోసింది. చపాటా కాయలని మాత్రం రాయకండి. లావుగా, ఎర్రగా చూడముచ్చటగా ఉంటాయి, కానీ వాటికి గిరాకీ రంగువల్లే, మంట తక్కువ. వరంగల్ ఏనుమాముల మిర్చి మార్కెట్ వాసన తెలిసిన పాఠకుడు వెంటనే పట్టుకుంటాడు. ఘాటైన తేజ రకం అనండి. జంపఖానా ఇవ్వడానికి రాజేందర్ మెట్లెక్కి వచ్చాడు.

*

మంట వేళ్ల సందుల్లో మొదలైంది. కుళాయి కింద పెట్టినంతసేపు చల్లగా ఉంది, తీయగానే రెట్టింపయింది. ఆమె రెండు చేతులనూ ఒంటికి దూరంగా పట్టుకుని వంటింటి మధ్యలో నిలబడింది, ఎవరివో చేతులు కాసేపు తనకిచ్చి వెళ్లినట్టు.

“నీళ్లకు పోదండీ. నూనె ఎక్కడుంది?” అన్నాడు రాజేందర్.

“పై అరలో. ఎడమవైపు.”

అతను చేయి చాచి అందుకుంటుంటే చొక్కా వీపు మీద చెమట కనిపించింది. మూడంతస్తులు జంపఖానా మోసుకొచ్చిన చెమట. వసుధ చూపు అక్కడే ఉండిపోయింది. ఉండిపోయిందని ఆమెకు తెలిసింది.

అతను అరచేతిలో నూనె పోసుకున్నాడు. ఆమె చేతిని పట్టుకోలేదు, తన చేతిని చాచి ఉంచాడు. వసుధే తన చేతిని తీసుకెళ్లి అందులో పెట్టింది.

“ఎక్కడ ఎక్కువగా ఉంది?”

“బొటనవేలి మొదట్లో.”

“ఇక్కడా?”

“ఇంకొంచెం కింద.”

ఎక్కడ అని ఆమెను ఎవరైనా అడిగి చాలా కాలమైంది. అడిగినప్పుడు చెప్పవచ్చన్నదీ మరిచిపోయింది. అతని వేళ్ల కొసలు గరుకుగా ఉన్నాయి, నూలు కోసిన సన్నని గీతలు. నూనెలో ఆ గరుకుదనం జారుతూ, ఆగుతూ, అరచేయి మధ్యకు వచ్చింది. మంట తగ్గలేదు. మంట ఉన్నచోటే ఇంకొకటి మొదలైంది, దాన్ని ఆమె వెంటనే గుర్తుపట్టలేదు.

“నాకూ అంటింది,” అన్నాడు అతను వేళ్లు చూసుకుని. నవ్వాడు.

జుట్టుపాయ ఒకటి ఆమె కంటి మీద పడింది. తోసుకోబోయి ఆగింది.

“తీయనా?”

తల ఊపింది. అతను మణికట్టుతో, మంట అంటని చోటుతో, ఆ పాయను చెవి వెనక్కి నెట్టాడు. మణికట్టు చెవి దగ్గరే ఆగింది. అక్కడ అతని నాడి కొట్టుకోవడం ఆమెకు వినిపించింది, లేక అది తనదేనా.

ఆమె నుదురు అతని భుజానికి ఆనించింది. చేతులు మాత్రం రెండు పక్కలా గాలిలోనే ఉన్నాయి. పట్టుకోవాలని ఉంది. పట్టుకుంటే అతని మెడ మండుతుంది.

“నేను మిమ్మల్ని ముట్టుకోలేను,” అంది చొక్కాలోకి.

“తెలుసు.”

“అందుకని నేను చెబుతాను.” ఊపిరి తీసుకుంది. “నువ్వు విను.”

అతను కదలలేదు. వింటున్నాడు.

“మెడ,” అంది వసుధ.

ముందు అతని ఊపిరి తగిలింది. తర్వాత చాలాసేపటికి పెదవి.

*

నేనిక్కడ ఆపుతాను. మీరు ఇంకా ముందుకు వెళ్లవచ్చు, వెళ్లాలి కూడా, మీ కథ అక్కడికి వెళ్లమంటోంది. కానీ ఏ పనిముట్లతో వెళ్లానో చూడండి. మిరప ఘాటు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ చిన్న నిజం సన్నివేశాన్ని నడిపింది. నీళ్లు పనిచేయలేదు కాబట్టి నూనె కావాలి, నూనె కాబట్టి నెమ్మదిగా పట్టించాలి. మంట చేతులు కాబట్టి ఆమె ముట్టుకోలేదు, ముట్టుకోలేదు కాబట్టి మాట్లాడాలి. ఆరేళ్లు నోరు మూసుకుని బతికిన మనిషి చేత నాకు ఇది కావాలి అని పలికించడానికి ఇంకో దారి నాకు తోచలేదు. ఇద్దరి ఇష్టమూ ఉందని ఎక్కడా ప్రకటించలేదు. “తీయనా” అన్న మాటలో ఉంది, చాచిన చేతిలో ఉంది. ఇష్టం అడగడం వల్ల శృంగారం చల్లారుతుందని భయపడే రచయితలు చాలామంది నా దగ్గరికి వస్తారు. వాళ్లందరికీ చెబుతాను, అడిగిన ప్రతిసారీ వేడి ఒక మెట్టు పెరగాలి, అలా పెరగకపోతే ప్రశ్న సరిగ్గా రాయలేదని అర్థం.

మీరు ఆ తర్వాతి భాగం రాసేటప్పుడు ఒక జాగ్రత్త. వాక్యాలు పొడుగవుతాయి, విశేషణాలు వచ్చి మీద పడతాయి. రానివ్వకండి. మీ ఎనిమిదో పేజీలో ఒక వాక్యంలో “మధురమైన”, “అలౌకికమైన”, “వర్ణనాతీతమైన” మూడూ ఉన్నాయి. వర్ణనాతీతమైతే రచయిత పని ఏమిటి? ఆమె మడమ పరుపు మీద ఎక్కడ ఆనిందో చెప్పండి, మిగతాది పాఠకుడి ఒళ్లు చూసుకుంటుంది. శాతవాహన రాజు హాలుడి పేర వచ్చిన ప్రాకృత గాథల్లో ఈ పద్ధతి ఎంత పదునుగా ఉంటుందో చూడండి. గోదావరి ఒడ్డు, చేను, అత్త, బాటసారి, రెండు పంక్తుల పద్యం. ఇల్లాలు బాటసారికి ఎవరు ఎక్కడ పడుకుంటారో చెబుతుంది, అంతే చెబుతుంది. వినేవాడికి మిగతాది తెలుస్తుంది. ఆ గోదావరి మనదే, ఆ ఒడుపూ మనదే కావాలి.

ఊరిని ఇంకా దగ్గరగా వాడుకోండి. మీరు వేయిస్తంభాల గుడి, ఖిలా, కాకతీయ తోరణం అన్నీ పెట్టారు. పర్యాటక శాఖ కరపత్రంలా అయింది. వరంగల్‌లో ఒంటరి ఆడమనిషి గదికి మగవాడు వస్తే అసలు కథ ఎక్కడుంటుందో మీకు తెలుసు: గుమ్మం ముందు చెప్పుల దగ్గర. కింద ఇంటివారి అమ్మ మెట్లు ఊడ్చడానికి వస్తుంది, ఎనిమిదో నంబరు మగ చెప్పులు చూస్తుంది. రాజేందర్ చెప్పులు బయట వదలాలా, లోపల పెట్టాలా అని వసుధ ఆలోచించే అర నిమిషంలో మన ఊరంతా ఉంది, ఆమె భయమంతా ఉంది, ఆమె తెగింపూ ఉంది. ఒక రోజు ఆమె ఆ చెప్పులను బయటే వదిలేయమంటుందనుకోండి. మీ కథ శిఖరం పడకగదిలో కాదు, అక్కడ ఉండవచ్చు. ఆలోచించండి.

చట్టం గురించి మీ భయానికి సూటిగా చెబుతాను. అశ్లీల ప్రచురణల నేరం పాత శిక్షాస్మృతిలో 292వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 294వ సెక్షన్. సాహిత్యం, కళ, విజ్ఞానం కోసం ప్రజాహితంగా వచ్చిన రచనలకు అందులో మినహాయింపు ఉంది. అంతర్జాలంలో పెడితే ఐటీ చట్టం 67వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. ఒకప్పుడు రచనలో ఎక్కడో ఒక ముక్క తీసి, అది బలహీన మనస్కులను చెడగొడుతుందా అని చూసేవారు. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు ఆ పాత కొలమానాన్ని పక్కన పెట్టి, రచనను మొత్తంగా, నేటి సమాజపు ప్రమాణాలతో చూడాలంది. మీరు పంపిన కథలో నాకు భయపడాల్సింది ఏమీ కనిపించలేదు. పాత్రలు పెద్దవాళ్లని స్పష్టంగా తెలియాలి, తెలుస్తోంది. ఒక్కటి మాత్రం తప్పక మార్చండి: విడిపోయిన వ్యక్తి ఉద్యోగం, ఊరు, నుదుటి మీద మచ్చ. అవి నిజజీవితంలోనివని మీరే రాశారు. కథకు ఆ మచ్చ అక్కర్లేదు. అతనిమీద కోపం తీర్చుకోవాలనుంటే వేరే కాగితం మీద రాసి మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక ఇది మీ సొంత కథే అనుకుంటారన్న భయం. అనుకుంటారు. ఆడవాళ్లు శృంగారం రాస్తే ఎప్పుడూ అనుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి రాధికాసాంత్వనం కావ్యం రాసింది. కృష్ణుడికి ఇళతో పెళ్లయ్యాక రాధ పడే వేదన, కోపం, కోరిక, చివరికి ఆమె అలక తీర్చడం అందులో ఉన్నాయి. వీరేశలింగం గారంతటి సంస్కర్త కూడా ఆ రచనను నిందించి, రాసినామె వేశ్య అని ఎత్తిచూపారు. 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చువేయించి, మగకవులు ఇంతకన్నా పచ్చిగా రాస్తే లేని తప్పు ఆడదానికి ఎలా వచ్చిందని ఎదురు ప్రశ్న వేసింది. 1911లో ప్రభుత్వం ప్రతులు జప్తు చేసింది. నిషేధం పోవడానికి స్వాతంత్ర్యం వచ్చే కాలం దాకా ఆగాల్సి వచ్చింది. ఈ చరిత్ర చదివినప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది, వెంటనే వీపు నిటారవుతుంది. కలంపేరు పెట్టుకుంటే తప్పేమీ లేదు, మా మొదటి రెండు కథలకు నేనూ, నా స్నేహితురాలూ అలాగే పెట్టుకున్నాం. అమ్మకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. బయటివారి దగ్గర విని తెలుసుకోవడం ఆమెకు ఎక్కువ నొప్పి.

ముగింపు దగ్గరికి వస్తే, పద్నాలుగో పేజీలో పెళ్లి మాట వచ్చింది. తీసేయండి. పెళ్లి చెడ్డదని కాదు, ఆ మాట రాగానే అంతవరకు జరిగినదంతా దానికోసమే జరిగినట్టు మారిపోతుంది. రాజేందర్ ఉంటాడో, వెళ్తాడో పాఠకుడికి తెలియనక్కర్లేదు.

మార్పులన్నీ చేశాక ఒకసారి గొంతెత్తి చదవండి, గదిలో ఎవరూ లేనప్పుడు. మీ గొంతు ఎక్కడ పలచబడి వేగం పెంచుతుందో అక్కడ గుర్తు పెట్టుకోండి. సిగ్గుతో పరిగెత్తిన చోట్లు అవి, మళ్లీ నెమ్మదిగా రాయాలి.

ఆరో పేజీ కింద ఒక వాక్యం ఉంది: “వసుధ దుప్పటి అంచును కాలివేళ్లతో పట్టుకుంది.” ఆ చుట్టూ ఉన్న పేరా మొత్తం పోయినా ఫరవాలేదు. ఆ వాక్యాన్ని మాత్రం ముట్టుకోకండి.